క్షమాపణ దేవుడిస్తాడు, వదిన డబ్బు ఎవరిస్తారు?

ప్రశ్న: మాస్టారూ, మాది కొండపి దగ్గర ఒక పల్లె. వయసు 46. పొగాకు రైతుని, సొంత బ్యారన్ (పొగాకు కాల్చి ఆరబెట్టే కొట్టం) ఉంది. 2013లో మా అన్న ఆకు అమ్మిన డబ్బులోంచి 2 లక్షలు నా చేతికిచ్చి, పాప పెళ్ళికి పనికొస్తాయి, ఎక్కడన్నా రూపాయిన్నర వడ్డీకి తిప్పమన్నాడు. నోటు రాసుకోలేదు, వదినకి తెలియదు. మరుసటేడు అన్న గుండెపోటుతో పోయాడు. నేను నోరు విప్పలేదు. ఆ డబ్బు మా ఇంటి శ్లాబుకి అయిపోయింది. వదిన అరెకరం అమ్మి పాప పెళ్ళి చేసింది, ఇప్పుడు ఆకు గ్రేడింగ్‌కి కూలికి పోతోంది. ఐదేళ్ళ కిందట నాకు పెద్ద ఆపరేషన్ జరిగింది. ఆ భయంలో ప్రభువుని నమ్ముకుని బాప్తిస్మం తీసుకున్నాను. నీ పాపాలన్నీ కడిగేశాడు అన్నారు. మందిరానికి 50 వేలు పెట్టి గేటు కూడా చేయించాను. అయినా మనశ్శాంతి లేదు. వదిన కూడా అదే మందిరానికి వస్తుంది. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన) రోజు రొట్టె పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది, మూడు నెలలుగా తీసుకోవడమే మానేశాను. ఈమధ్య కూటాల్లో ఒకాయన హెబ్రీ 10:26 చదివి, తెలిసి పాపం చేసినవాడికి ఇక బలి లేదన్నాడు. దేవుడు నన్ను క్షమించాడా లేదా? భయంతో తీసుకున్న బాప్తిస్మం చెల్లుతుందా? దేవుడు క్షమించేశాక వదినకి చెప్పి పాతవన్నీ తవ్వుకోవడం అవసరమా? (పేరు వద్దు)

సమాధానం:

తమ్ముడూ, వయసులో చిన్నవాడివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమనుకోవద్దు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్ను పట్టుకుని చదివాను, నేనేమీ పాస్టర్‌ని కాదు గదా, ఒంగోలులో ముప్పై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినవాడిని, అంకెలు కనపడితే చెయ్యి ఊరుకోదు. ఆ లెక్క చివర్లో చెప్తాను. నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు గానీ నిన్ను నిద్రపోనివ్వంది మూడోదే, దానికి జవాబు కూడా నీకు తెలుసు, తెలియకపోతే నాకు రాసేవాడివే కాదు. అయినా వరసలోనే పోదాం, భయంతో వణికే మనిషి లెక్క సరిగ్గా చేయలేడు.

హెబ్రీ 10:26 సంగతి. ఆ ప్రసంగీకుడు ఒక్క వచనం చదివి ఆపేసినట్టున్నాడు. ఇంకో మూడు వచనాలు కిందికి దిగితే, 29లో, ఆ మాట ఎలాంటివాళ్ళ గురించో రాసి ఉంది: దేవుని కుమారుణ్ణి కాళ్ళతో తొక్కినవాళ్ళు, తమని పరిశుద్ధపరచిన నిబంధన రక్తాన్ని తీసిపారేసినవాళ్ళు. ఆ పత్రిక అందుకున్నవాళ్ళు నిందలు పడ్డారు, ఆస్తులు పోగొట్టుకున్నారు, విసిగిపోయి అసలు క్రీస్తునే వదిలేద్దామా అన్న ఊగులాటలో ఉన్నారు. వాళ్ళకి చేసిన హెచ్చరిక అది. తప్పు చేసి, చేశానే అని కుమిలిపోయేవాడి మొహం మీద వేసే తలుపు కాదు. మత్తయి 12లో క్షమాపణ లేని పాపం అన్న మాట కూడా అంతే, కళ్ళెదుట పరిశుద్ధాత్మ చేసిన మంచిని చూస్తూ ఇది దయ్యాల పని అన్న పరిసయ్యులతో యేసు అన్న మాట అది. ఆ పాపం చేసినవాడికి ఆ పాపం చేశానేమో అన్న టెన్షనే ఉండదు. నీకు ఉంది.

అట్లాగని ఆ వచనాన్ని నీ మీదనుంచి పూర్తిగా ఎత్తేయను. అదే పత్రిక 3వ అధ్యాయంలో పాపం మనిషిని భ్రమపెట్టి కఠినం చేస్తుందని ఉంది. మూడు నెలల కిందట వణికిన చెయ్యి ఇంకో మూడేళ్ళకి వణకదు. మన కూలివాళ్ళ అరచేతులు చూడు, మొదటేడు బొబ్బలు లేస్తాయి, తర్వాత కాయలు కాస్తాయి, ఇక ఏం పట్టుకున్నా తెలియదు. నీ చేతికి ఇంకా తెలుస్తోంది, అది దేవుడి కనికరమే అనుకో.

ఇక బాప్తిస్మం. ఆపరేషన్ భయంలో తీసుకున్నాను, చెల్లుతుందా అన్నావు. తప్పిపోయిన కొడుకు కథ మళ్ళీ తీసి చదువు, లూకా 15, నాయన ఆస్తిలో వాటా పట్టుకుపోయి తగలేసినవాడి కథ. వాడు ఏ దివ్య దర్శనం చూసి ఇంటిదారి పట్టాడు? కడుపు కాలి. నాయన దగ్గర కూలివాళ్ళు కూడా కడుపునిండా తింటున్నారు, నేనిక్కడ ఆకలికి చస్తున్నాను అన్నది వాడి మొదటి ఆలోచన. నాయన మీద బెంగతో బయల్దేరాడని ఎక్కడా రాసిలేదు. అన్నం కోసం బయల్దేరాడు, నాయన ఎదురొచ్చాడు. ఆకలో, భయమో, ఆస్పత్రి మంచమో, బయల్దేరదీసింది ఏదైతే ఏంది, ఎటువైపు నడిచావన్నదే ఆయన చూసింది.

ఈ అనుమానం మన జిల్లాకి కొత్త కూడా కాదు. 1876 నుంచి 1878 దాకా కరువొచ్చినప్పుడు ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో ఉన్న క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు పట్టి, ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇప్పించాడు. జనం బాప్తిస్మం ఇమ్మని మీదపడ్డారు. ఆయన ఆపాడు, కూలి కోసం గింజల కోసం వచ్చారేమో అని, కరువు పని నడిచినన్నాళ్ళు ఇవ్వలేదు. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఇంత మంది అని గొప్పలు చెప్పుకోడానికి ఆ అంకె మన ప్రసంగాల్లో తరచూ వినపడుతుంది, నాకు మాత్రం ఆ ముందు ఆగిన నెలల మీదే గురి. పని అయిపోయాక కూడా, ఇక ఇవ్వడానికి చేతిలో ఏమీ లేనప్పుడు కూడా, వాళ్ళు వచ్చారు. నీ సంగతీ అంతే గదా. ఆపరేషన్ అయింది, ఒళ్ళు బాగుపడింది, భయం పోయింది. అయినా ఐదేళ్ళుగా మందిరానికి వస్తున్నావు, రొట్టె పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. బాప్తిస్మం చెల్లింది. దాని గురించి ఇక అడగొద్దు.

ఇప్పుడు నీకు కోపం తెప్పించే మాట ఒకటి చెప్పాలి, గేటు గురించి.

ఆ కొడుకు దారిలో ఒక మాట తయారు చేసుకున్నాడు చూశావా, నాయనా నేను పాపం చేశాను, నీ కొడుకునని అనిపించుకోడానికి పనికిరాను, నన్ను నీ కూలివాళ్ళలో ఒకడిగా పెట్టుకో అని. నాయన దగ్గరికి వచ్చాక వాడు చెప్పింది మొదటి రెండు ముక్కలే. కూలివాడిగా పెట్టుకో అన్న మూడోది వాడి నోట్లోంచి రాలేదు. 19వ వచనం, 21వ వచనం పక్కపక్కన పెట్టి చూడు. అప్పటికే నాయన పరుగెత్తుకొచ్చి మెడమీద పడి ముద్దుపెట్టుకున్నాడు, వాడు కొడుకునని అనిపించుకోలేను అనగానే, మంచి బట్టలు తెండి, ఉంగరం తెండి, చెప్పులు తెండి అని పనివాళ్ళ మీద కేకలు మొదలుపెట్టాడు. పనిచేసి తీర్చుకుంటాను అన్న బేరానికి సందే ఇవ్వలేదు. నువ్వు మందిరానికి పెట్టించిన గేటు ఆ మూడో ముక్క. 50 వేలతో దేవుడి దగ్గర కూలికి చేరదామనుకున్నావు. ఆయనకి నీ కూలి అక్కర్లేదు, నిన్ను కొడుకుగా ఎప్పుడో లోపలికి తీసుకున్నాడు.

పైగా ఆ 50 వేలు ఎవరివి? నీ చేతికి వదిన డబ్బు 2 లక్షలు వచ్చింది, అందులో పావు వంతు దేవుడికిచ్చి మిగతాది శ్లాబు కింద దాచావు. నిన్ను గుచ్చడానికి అనడం లేదు, యేసు ప్రభువే ఇలాంటి సంగతి మీద ఒకసారి గట్టిగా మాట్లాడాడు, మార్కు 7లో ఉంది. అమ్మానాన్నలకి పెట్టాల్సినది కొర్బాను, అంటే దేవుడికి ఇచ్చేశాను, అని చెప్పి తప్పించుకునేవాళ్ళని పట్టుకుని, మీ ఆచారంతో దేవుని వాక్యాన్ని కొట్టేస్తున్నారు అన్నాడు. విధవరాలికి ఇవ్వాల్సింది ఎగ్గొట్టి ఆవిడ రోజూ నడిచే మందిరానికి గేటు పెట్టించడం కొర్బానే. (ఆ గేటు మీద నీ పేరు కూడా రాయించావా? రాయించి ఉంటే నాకు చెప్పొద్దులే.)

క్షమాపణ సంగతి సూటిగా చెప్తున్నాను. దేవుడు నిన్ను క్షమించాడు. మన పాపాలు ఒప్పుకుంటే ఆయన నమ్మదగినవాడు నీతిమంతుడు గనుక క్షమిస్తాడని 1 యోహాను 1:9లో ఉంది, నీ బాధ ఎంతుంటే అంత అని అక్కడ లేదు, గేటు పెట్టిస్తే అని లేదు. కానీ ఆ 2 లక్షలు దేవుడివి కావు గదా తమ్ముడూ. నీ పాపం ఆయన చేతిలో ఉంది, వదిన డబ్బు నీ ఇంటి పైకప్పులో ఉంది. మొదటిది ఆయన కొట్టేశాడు, రెండోది కొట్టేయడానికి ఆయన అప్పిచ్చినవాడు కాదు. మోషే ధర్మశాస్త్రంలోనే చూడు, సంఖ్యాకాండం 5వ అధ్యాయం: అన్యాయంగా తీసుకున్నవాడు పాపం ఒప్పుకోవాలి, ఆ పైన అసలు తిరిగివ్వాలి, దాని మీద ఐదో వంతు కలిపి ఇవ్వాలి, ఎవరికి అపరాధం చేశాడో వాళ్ళకే ఇవ్వాలి. ఒప్పుకోలూ చెల్లింపూ ఒకే వాక్యంలో ఉన్నాయి. నెల్లూరు వైపునుంచి నాకు రాసే కతోలిక పాఠకులకి ఇది కొత్తేం కాదు, అక్కడ ఫాదర్ దగ్గర పాపసంకీర్తనం చేసినా, అంటే పాపాలు ఒప్పుకున్నా, దొంగిలించింది తిరిగివ్వాలనే చెప్తారు. మన బాప్టిస్టు, పెంతెకోస్తు మందిరాల్లోనే కడిగేశాడు అనే మాట చెప్పేసి, పద, ఇచ్చేసిరా అనే మాట మింగేస్తున్నాం. ఇది నా కంప్లయింటు, ఎప్పటినుంచో ఉంది.

పన్నులు వసూలు చేసే జక్కయ్య ఇంటికి ప్రభువు ముందు వెళ్ళాడు, లెక్క తర్వాత తేలింది. అది గుర్తుపెట్టుకో. నాలుగంతలు తిరిగిస్తేనే నీ ఇంటికి వస్తానని ఆయన అనలేదు, ఆయన ఇంట్లో అడుగు పెట్టాక జక్కయ్య తనంతట తానే నిలబడి ఆస్తిలో సగం బీదలకి ఇస్తాను, ఎవరిదన్నా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు ఇస్తాను అన్నాడు. కనికరం ఇంట్లోకి వచ్చాక కూడా డబ్బుపెట్టె తెరవకపోతే వచ్చిన అతిథి ఎవరో ఆ ఇంటివాడికి ఇంకా తెలియలేదన్నమాటే.

మన బైబిల్లో రెండు మాటలున్నాయి, పశ్చాత్తాపం, మారుమనస్సు. మనం రెంటినీ ఒకటిగా వాడేస్తాం. మత్తయి 27లో, యేసుని పట్టిచ్చిన యూదా పశ్చాత్తాపపడ్డాడు అనే రాసుంది. అంతేనా, ముప్పై వెండి నాణాలు వెనక్కి పట్టుకెళ్ళి ఇచ్చాడు కూడా, నిరపరాధి రక్తాన్ని అప్పగించాను అని నోటితో ఒప్పుకున్నాడు కూడా. ప్రధాన యాజకులు దానితో మాకేంటి, నువ్వే చూసుకో అన్నారు. వాడు ప్రభువు దగ్గరికి మాత్రం పోలేదు, తన తీర్పు తానే తీర్చుకున్నాడు. అదే రాత్రి ఇంకో శిష్యుడు పేతురు కూడా ఆయన ఎవరో నాకు తెలియదని మూడుసార్లు అన్నాడు, ఒట్టు కూడా పెట్టాడు, సంతాపపడి ఏడ్చాడు, కానీ తర్వాత ప్రభువు ఒడ్డున నిలబడి ఉన్నాడని తెలియగానే పడవలోంచి నీళ్ళలోకి దూకి ఈదుకుంటూ పోయాడు. ఇద్దరి తప్పూ చిన్నది కాదు. ఎవరి ఏడుపు పెద్దది అన్నది నాకనవసరం, పేతురు కాళ్ళు ఆయన వైపు కదిలాయి. పాత నిబంధన హెబ్రీ భాషలో మారుమనస్సుకి వాడే మాటకి అర్థం కూడా వెనక్కి తిరగడమే, దారి తప్పినవాడు తిరిగొచ్చినట్టు.

నువ్వు ఐదేళ్ళుగా చేస్తున్నది ఏంటో తెలుసా? మన ఊళ్ళల్లో ప్రామిసరీ నోటుకి మూడేళ్ళు దాటబోతుంటే ఏం చేస్తారు, చేతిలో డబ్బు లేనివాడు నోటు తిరగరాస్తాడు. అప్పు అట్లాగే ఉంటుంది, తేదీ మాత్రం కొత్తది. నువ్వు ప్రతి ఆదివారం మోకాళ్ళ మీద నోటు తిరగరాస్తున్నావు. ప్రభువా క్షమించు అని ఏడుస్తావు, గుండె కొంచెం తేలిక పడుతుంది, ఆ తేలికతో ఇంకో వారం గడుస్తుంది. ఆ ఏడుపు అబద్ధం అనను. కానీ అది నీకు వాయిదాగా పనికొస్తోంది.

బల్ల మానేయడం గురించి. 1 కొరింథీ 11లో అయోగ్యంగా తినొద్దన్న మాట చూసి మానేశావని అర్థమైంది. అక్కడే తర్వాతి వచనంలో, తన్ను తాను పరీక్షించుకోవాలి, అలా చేసి తినాలి అని ఉంది, పరీక్షించుకుని మానేయాలి అని లేదు. ఇంకా పైకి పోతే కొరింథీవాళ్ళ తప్పేంటో కూడా ఉంది, ఉన్నవాళ్ళు ముందే తినేసి కూర్చుంటే లేనివాళ్ళు ఆకలితో చూస్తూ ఉండేవాళ్ళు, లేనివాళ్ళని సిగ్గుపరుస్తారా అని పౌలు తిట్టాడు. ఆడవాళ్ళ వైపు చాప మీద గ్రేడింగ్ ఘాటు చీరకి అంటుకుని కూర్చున్న మీ వదినని ఆ వచనంలో పెట్టి చదువు. నువ్వు రొట్టె మానేస్తే ఆవిడ ఆకలి తీరదు.

నా సంగతి కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే గట్టున కూర్చుని నీకు ఈత నేర్పినట్టు ఉంటుంది. నేను పనిచేసిన ఒక బళ్ళో పదో తరగతి పరీక్ష ఫీజు డబ్బులు కొన్ని కనపడలేదు. ఒక పిల్లవాడి మీద అనుమానం వచ్చి అందరి ముందూ కొట్టాను, దొంగ అన్నాను. వాడు మళ్ళీ బడికి రాలేదు. రెండు వారాలకి ఆ డబ్బు నా హాజరు రిజిస్టర్ అట్ట లోపలే దొరికింది. నేను వాడి ఊరు వెళ్ళానా? వెళ్ళలేదు. పదకొండేళ్ళు ప్రార్థనలో ఒప్పుకున్నాను. ఒకరోజు ఒంగోలు బస్టాండులో కందుకూరు బస్సెక్కితే కండక్టరు వాడే. టిక్కెట్టు కొట్టేటప్పుడు చెప్పాను, నాయనా ఆ డబ్బు నా దగ్గరే దొరికింది, తప్పు నాదే అని. వాడు, ఏ డబ్బు సార్, నాకేం గుర్తులేదే అని నవ్వి ముందుకు పోయాడు. కందుకూరులో దిగుతుంటే వెనకనుంచి మెల్లగా అన్నాడు, గుర్తుంది సార్. అంతే. క్షమించాను అనలేదు, నేను అడగలేదు. వాడు బడి మానేసిన ఆ పదకొండేళ్ళు నేను ఏ ప్రార్థనలో తిరిగివ్వగలను? దావీదుకి కూడా నాతాను ప్రవక్త, యెహోవా నీ పాపం పరిహరించాడు, నువ్వు చావవు అన్నాడు, దావీదు చంపించిన ఊరియా మాత్రం తిరిగి రాలేదు. నీ అదృష్టం ఏంటంటే నీది డబ్బు. డబ్బు తిరిగివ్వొచ్చు.

అందుకే ఇప్పుడు లెక్క. అన్న చెప్పిన వడ్డీ రూపాయిన్నర. 2 లక్షలకి నెలకి 3,000, ఏడాదికి 36,000. నువ్వు ఉత్తరం రాసేనాటికి పదకొండేళ్ళు, వాటికి 3,96,000. చక్రవడ్డీ వేయలేదు, వేస్తే నీకు నిద్ర పట్టదు. అసలుతో కలిపి 5,96,000. మోషే ధర్మశాస్త్రం ప్రకారం అయితే 2,40,000తో సరిపోతుంది. జక్కయ్య లెక్కన 8 లక్షలు. ఏది కట్టాలో నేను చెప్పను గానీ నా మనసులో ఉన్నది మొదటిదే, ఎందుకంటే అది మీ అన్న నోటితో చెప్పిన లెక్క, ఆ మాటకే నువ్వు ఒప్పుకున్నావు.

ఒక్కసారిగా అంత లేదంటావు, నాకు తెలుసు, బ్యారన్ మీద లోను ఉండే ఉంటుంది. ఉన్నంత పట్టుకెళ్ళు. మిగతాదానికి నోటు రాయి, ఈసారి నిజం నోటు, స్టాంపు అంటించి, ఇద్దరు సాక్షులతో, వదిన పేరు మీద. ఏ ఏడు ఎంత కడతావో అందులో రాయి. ఈ సీజను ఆకు అమ్మాక చెప్తానులే అనుకోవద్దు, ఆకు అమ్మాక రేటు పడిపోయింది అంటావు, వచ్చే ఏడు అంటావు, నేనూ ఈ జిల్లావాడినే.

ముందు మీ ఆవిడకి చెప్పు. ఆ శ్లాబు కిందే ఆమె కూడా ఉంటోంది, బయటినుంచి వినకూడదు. తర్వాత వదిన దగ్గరికి ఇద్దరూ వెళ్ళండి, ఇంటికి వెళ్ళండి, మందిరంలో కాదు. సాక్ష్యం చెప్పే టైములో మైకు పట్టుకుని అందరి ముందూ ఒప్పుకుందామని నీకు అనిపించవచ్చు, ఏడుస్తావు, అందరూ హల్లెలూయ అంటారు, వదిన అంతమంది మధ్య తల ఊపక తప్పదు. అట్లా ఆవిడ నోరు కట్టేయొద్దు. ఇంట్లో అయితే తిట్టుకోవచ్చు, చీపురు తీసుకోవచ్చు, వెళ్ళిపొమ్మని అనొచ్చు. అరెకరం పోయింది, ఆవిడకి ఆ హక్కుంది. దేవుడు నన్ను క్షమించాడు వదినా, నువ్వూ క్షమించు అని మాత్రం అనకు. డెబ్బై ఏళ్ళ మారులు, అంటే డెబ్బై ఏడులసార్లు, క్షమించమన్న వచనం ఆవిడకి దేవుడు చూపించాలి, నువ్వు కాదు. తప్పు చేశాను, ఇది నీ డబ్బు, ఇదిగో మిగతాదానికి నోటు, అని చెప్పి అడిగినదానికి జవాబు చెప్పు. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదు అని అడుగుతుంది. అప్పుడు కారణాలు వెతకొద్దు, ఆశపడ్డాను, తర్వాత సిగ్గుపడ్డాను, అంతే గదా నిజం. అన్న పేరు ఎత్తినప్పుడు నీకు ఏడుపొస్తే రానివ్వు.

అక్కణ్ణుంచి తిరిగొచ్చాక నీకు శాంతి వస్తుందని నేను మాటివ్వను. ఆ రాత్రి ఇంకా ఘోరంగా ఉండొచ్చు. మీ అన్న కూతురికి, అల్లుడికి తెలుస్తుంది, ఊళ్ళో నాలుగు రోజులు మాట్లాడుకుంటారు, పాస్టర్ గారు గేటు వైపు ఒకసారి అదోలా చూస్తారు. ఆ ఆదివారం బల్ల ఉంటే వెళ్ళు, రొట్టె తీసుకో. చెయ్యి వణికినా తీసుకో.

వెళ్ళొచ్చాక నాకొక ముక్క రాయి. వదిన తలుపు వేసేసినా సరే, రాయి.